పింఛను భారమా? బాకీయా?

అందరికీ నమస్కారం.

ఈ సభకు పిలిచినవారు నాకు ఒక ప్రశ్న ఇచ్చారు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే పింఛను న్యాయమైనదేనా, దాన్ని మోయగలమా అని. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. నేను రెండోదానితో మొదలుపెడతాను. ఈ విషయం మీద ఎక్కడ చర్చ జరిగినా "మోయలేం" అన్న మాటే ముందు వినిపిస్తుంది. అది విన్నాక న్యాయం గురించి మాట్లాడాలనుకున్నవారి గొంతు తగ్గిపోతుంది. ముప్పై ఏళ్ళకు పైగా పింఛను దస్త్రాల మధ్య పనిచేసినవాడిని, ఇది చాలాసార్లు చూశాను. అందుకే ముందు లెక్క తేల్చుకుందాం.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక సమాజంలో ఒక్కో వృద్ధునికి పనిచేసేవారు ఐదుగురు ఉన్నారనుకోండి. పనిచేసే మనిషి సగటు సంపాదన వంద, వృద్ధుని పింఛను నలభై. ఆ నలభైని ఐదుగురూ పంచుకుంటే తలకు ఎనిమిది పడుతుంది. కాలం గడిచింది. పిల్లలు తక్కువమంది పుట్టారు, పెద్దలు ఎక్కువకాలం బతికారు, ఐదుగురున్నచోట ఇద్దరే మిగిలారు. అదే నలభై ఇవ్వాలంటే తలకు ఇరవై. ఎనిమిది ఇరవై అయింది! మనల్ని భయపెట్టే వ్యాసాలన్నీ ఇక్కడికి వచ్చి ఆగిపోతాయి.

మనం ఇంకో అడుగు వేద్దాం. ఐదుగురు ఇద్దరు కావడానికి నలభై ఏళ్ళు పట్టిందనుకోండి. ఆ నలభై ఏళ్ళలో ఒక్కో మనిషి చేసే ఉత్పత్తి ఏటా ఒకటిన్నర శాతం చొప్పున పెరిగితే వంద కాస్తా 181 అవుతుంది. అందులో ఇరవై శాతం, అంటే 36, పింఛనుకు పోయినా చేతిలో 145 మిగులుతాయి. వాళ్ళ తాతల కాలంలో ఎనిమిది పోగా మిగిలినవి 92. పింఛను కూడా నలభై నుంచి 72కు పెరిగింది. ఇద్దరే మోస్తున్నా, ఐదుగురు మోసిన రోజుల కన్నా వాళ్ళ ఇల్లు బాగానే గడుస్తోంది.

ఆ ఒకటిన్నర శాతం వచ్చి తీరుతుందని నేను పూచీ పడలేను. రాకపోతే బరువు నిజంగానే బరువవుతుంది. నా ఉద్దేశం ఒక్కటే: పింఛను భవిష్యత్తును జనాభా పట్టికలు మాత్రమే నిర్ణయించవు. నేటి పిల్లలు ఎంత బాగా చదువుతున్నారు, ఆడవాళ్ళలో ఎంతమందికి జీతం వచ్చే పని దొరుకుతోంది, యాభై దాటినవారిని యజమానులు పనిలో ఉంచుకుంటున్నారా, ఇవన్నీ కూడా నిర్ణయిస్తాయి. వృద్ధుల సంఖ్య పెరుగుతున్న మాట వాస్తవమే. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2022లో ప్రపంచ జనాభాలో 65 ఏళ్ళు దాటినవారు పది శాతం, 2050 నాటికి పదహారు శాతం. అయితే ఆ పదహారు శాతాన్ని ఇప్పటికే దాటి నడుస్తున్న దేశాలున్నాయి. జపాన్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవారే. ఇటలీ తన జాతీయోత్పత్తిలో సుమారు పదహారు శాతం ప్రభుత్వ పింఛన్లకే పెడుతోంది. అది ఎక్కువేనని ఇటలీవారే అంటారు, నేనూ కాదనను. కానీ సంపన్న దేశాల సగటు అందులో సగం దగ్గరే ఉంది. ముసలితనం అందరికీ వస్తున్నా, ఖర్చు మాత్రం ఎవరు ఎలా ఏర్పాటు చేసుకున్నారన్న దాన్నిబట్టి మారుతోంది.

ఇక్కడ ఒక అపోహ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే చదువుకున్నవారిలోనే ఇది ఎక్కువ. "ఎవరి డబ్బు వాళ్ళు దాచుకుంటే ఈ గొడవే ఉండదు కదా, ఒకరి మీద ఒకరు ఆధారపడడమెందుకు?" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మనం దాచుకునేది కాగితం. ముసలితనంలో మనకు కావలసింది కాగితం కాదు. ఆ ఏడు పండిన పంట కావాలి, ఆ పూట చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి కావాలి, ఆ రాత్రి మేలుకుని ఉండే వైద్యుడు కావాలి. వీటిలో ఏదీ నలభై ఏళ్ళ ముందే తయారుచేసి భద్రపరచగలిగేది కాదు. ఆ రోజు పనిచేస్తున్నవాళ్ళు సృష్టించిన దానిలోంచే మన వాటా రావాలి. పన్ను రూపంలో తీసుకున్నా, దాచిన సొమ్ముతో కొనుక్కున్నా, వచ్చేది ఆ ఒక్క కుప్పలోంచే. దాచుకోవడం చెడ్డదని అనను. ఆ పొదుపు కర్మాగారాల్లోకీ, రోడ్లలోకీ వెళ్ళి ఉత్పత్తిని పెంచితే మేలే. పెంచకపోతే మాత్రం ఎక్కువమంది వృద్ధులు ఒకేసారి తమ కాగితాలు అమ్మకానికి పెడతారు, వాటి విలువ పడిపోతుంది.

ఈ దారిలో అందరికన్నా ముందు నడిచిన దేశం చిలీ. 1981లో సైనిక ప్రభుత్వం పాత పద్ధతిని తీసేసి, ప్రతి కార్మికుడూ జీతంలో పది శాతాన్ని తన సొంత ఖాతాలో వేసుకోవాలని శాసించింది. సైన్యాన్ని మాత్రం అందులో చేర్చలేదు. ప్రపంచమంతా అప్పట్లో దాన్ని మెచ్చుకుంది. తీరా విరమణ వయసు వచ్చేసరికి, మధ్యమధ్య పని పోయినవారికీ, చీటీ లేని కూలి చేసినవారికీ, పిల్లల కోసం ఇంట్లో ఉండిపోయిన తల్లులకూ ఖాతాల్లో దాదాపు ఏమీ లేదు. 2008లో ప్రభుత్వం పన్నుల సొమ్ముతో కనీస పింఛనును తిరిగి తెచ్చింది, 2022లో దాన్ని మరింత విస్తరించింది. చిలీని చూసి 1981 నుంచి 2014 వరకు ముప్పై దేశాలు తమ పింఛన్లను పూర్తిగానో కొంతగానో ప్రైవేటు ఖాతాలకు మళ్ళించాయి. 2018 నాటికి వాటిలో పద్దెనిమిది వెనక్కి తిరిగాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క తేల్చింది.

మరి ప్రభుత్వ పద్ధతిని ఎలా నిలబెట్టాలి? ఉన్నవి మూడే మరలు. పనిచేసేవారు పింఛను కోసం కట్టే చందా పెంచడం, పింఛను తగ్గించడం, వయసు పెంచడం. ఏ దేశం చూసినా వీటినే తిప్పుతోంది. ఎలా తిప్పుతున్నారన్నదే అసలు తేడా. స్వీడన్‌లో 1990లలో ఐదు పార్టీలు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాయి: ఆదాయంలో 18.5 శాతం చందా, అంతకు మించదు. రావలసిన దానికన్నా ఇవ్వవలసింది ఎక్కువైతే, పింఛన్ల పెరుగుదల తనంతట తానే తగ్గుతుంది. 2010లో నిజంగానే అది జరిగింది, పింఛన్లు తగ్గాయి. పెద్దలకు బాధ కలిగింది, అయినా ఆ పద్ధతి కూలిపోలేదు, ఎందుకంటే నియమం ముందే అందరికీ తెలుసు. బ్రిటన్‌లో ఆడవారి పింఛను వయసును అరవై నుంచి అరవై ఐదుకు పెంచుతూ 1995లో చట్టం చేశారు, 2011లో ఆ వేగాన్ని ఇంకా పెంచారు. ఆ సంగతి తమకు సరిగా తెలియజేయలేదని ఎంతోమంది మహిళలు ఏళ్ళ తరబడి పోరాడారు. 2024లో అక్కడి అంబుడ్స్‌మన్, అంటే ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదులు విచారించే అధికారి, వారి ఫిర్యాదులో నిజముందని తేల్చారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి "ఇంకో ఆరేళ్ళు ఆగు" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ళ మనిషికి చెప్పవచ్చు, అతనికి సిద్ధపడే వ్యవధి ఉంది.

మోయగలమా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. మోయగలం. నెమ్మదిగా, ముందే చెప్పి, అందరూ తలా కొంత సర్దుకుంటే మోయగలం. ఎన్నికల ముందు పెంచి, సంక్షోభం వచ్చినప్పుడు తెగ్గోస్తే మోయలేం.

ఇక న్యాయం సంగతి. నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వని భాగం ఇదే.

పింఛను చరిత్ర చదివితే, చాలా దేశాల్లో అది పుట్టిన రోజే కొందరిని గుమ్మం బయట నిలబెట్టిందని తెలుస్తుంది. జర్మనీలో 1889లో ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో వచ్చిన చట్టం డెబ్బై ఏళ్ళు నిండిన కార్మికులకు పింఛను ఇచ్చింది, అంతకాలం బతికే కార్మికులు ఆ రోజుల్లో ఎంతమంది? న్యూజిలాండ్ 1898లో పన్నుల సొమ్ముతో పేద వృద్ధులకు పింఛను మొదలుపెట్టి, ఆసియావారిని పక్కన పెట్టింది. బ్రిటన్ 1908 చట్టంలో డెబ్బై దాటినవారికి వారానికి ఐదు షిల్లింగులు. కానీ పేదల సహాయ నిధి నుంచి అప్పటికే సాయం పొందుతున్నవారికి మొదట్లో అదీ లేదు. అలవాటుగా పని ఎగ్గొట్టినవారన్న ముద్ర పడినా అంతే. దక్షిణాఫ్రికా 1928లో నల్లవారిని పూర్తిగా వదిలేసింది, 1944లో చేర్చి తక్కువ ఇచ్చింది, సమానంగా ఇవ్వడానికి 1993 దాకా పట్టింది. అమెరికా 1935లో తెచ్చిన సామాజిక భద్రత చట్టంలో పొలం కూలీలకూ, ఇళ్ళలో పనిచేసేవారికీ చోటు లేదు. వాళ్ళు లోపలికి రావడానికి 1950ల దాకా ఆగవలసి వచ్చింది.

ఎవరు బయట ఉన్నారో గమనించండి. ఒళ్ళు ఎక్కువగా అరిగినవాళ్ళూ, కూలి తక్కువగా అందుకున్నవాళ్ళూ. ఈనాటికీ గుమ్మం బయట ఉన్నది వాళ్ళే. చందా కట్టినవారికే పింఛను అన్నప్పుడు, చందా కట్టే ఉద్యోగం దొరకని మనిషి జీవితమంతా ఇటుకలు మోసినా ఆ లెక్కలో పనిచేయనట్టే. పిల్లల్ని పెంచి, అత్తమామలకు సేవ చేసి, మంచాన పడ్డ భర్తను పదేళ్ళు చూసుకున్న స్త్రీ కూడా పనిచేయనట్టే. జర్మనీ 1986 నుంచి పిల్లల్ని పెంచిన కాలాన్ని పింఛను లెక్కలో కలుపుతోంది. 1992 నుంచి పుట్టిన ఒక్కో బిడ్డకు మూడేళ్ళు జమ చేస్తుంది. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. రేపటి చందాదారులను పెంచి ఇచ్చిన మనిషికి ఆ చందాలో వాటా లేదనడం ఎంత అన్యాయం!

వయసు విషయానికి వద్దాం. "అందరం ఎక్కువకాలం బతుకుతున్నాం, ఎక్కువకాలం పనిచేద్దాం" అనే వాదన న్యాయంగానే తోస్తుంది. కానీ అందరం సమానంగా ఎక్కువకాలం బతకడం లేదు. అమెరికాలో 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, నలభై ఏళ్ళ వయసు దగ్గర లెక్కగట్టి చూస్తే, అత్యంత సంపన్నులైన ఒక శాతం మగవారికీ అత్యంత పేదలైన ఒక శాతం మగవారికీ ఆయుర్దాయంలో పద్నాలుగున్నర ఏళ్ళకు పైగా తేడా కనబడింది. ఆడవారిలో పదేళ్ళ తేడా. ఇప్పుడు అరవై ఐదుగా ఉన్న పింఛను వయసును రెండేళ్ళు పెంచితే ఏమవుతుంది? తొంభై దాకా బతికేవారికి పాతికేళ్ళలో రెండేళ్ళు పోతాయి. డెబ్బైకే కన్నుమూసేవారికి ఐదేళ్ళలో రెండేళ్ళు పోతాయి. ఒకే నియమం ఇద్దరికీ, కానీ ఒకరికి గీత, మరొకరికి కోత. పదహారేళ్ళకే బరువులెత్తడం మొదలుపెట్టిన మనిషి తన చందాతో, పాతికేళ్ళదాకా చదువుకుని చల్లని గదిలో పనిచేసిన మనిషి ముదిమికి సాయం చేస్తున్నాడు. పింఛను అంటే ధనవంతుల నుంచి పేదలకు పారే నీరని మనం అనుకుంటాం. చాలాచోట్ల కొంత నీరు ఎదురుగా పారుతోంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. డెన్మార్క్ పార్లమెంటు 2025లో పింఛను వయసును 2040 నాటికి డెబ్బైకి పెంచుతూ ఓటు వేసింది. ఐరోపాలోకెల్లా ఎక్కువ వయసు అది. అయితే అంతకుముందే, 2022 నుంచి, అక్కడ ఇంకో ఏర్పాటు అమల్లో ఉంది. అరవై ఒక్క ఏళ్ళు నిండేసరికి నలభై రెండు ఏళ్ళకు పైగా పనిలో ఉన్నవారు ఒకటి నుంచి మూడేళ్ళ ముందే విరమించుకోవచ్చు. ఎంత వయసు వచ్చిందన్నదానితో పాటు ఎన్నేళ్ళు కష్టపడ్డారన్నదీ చూస్తున్నారు. వయసు పెంచాలనుకునే ప్రతి ప్రభుత్వాన్నీ నేను ఈ ఒక్క ప్రశ్నే అడుగుతాను: తొందరగా మొదలుపెట్టినవారికి తొందరగా వెళ్ళే దారి ఉంచారా?

ఇప్పుడు పింఛను బాకీ అని నేనెందుకు అంటున్నానో చెబుతాను. 1797లో రాజకీయ రచయిత టామస్ పెయిన్ ఒక చిన్న పుస్తకంలో, యాభై ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఏటా పది పౌండ్లు ఇవ్వాలని రాశాడు. ధనికులకైనా, పేదలకైనా. ఆయన చెప్పిన కారణం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది: భూమి మొదట అందరిదీ, అది కొందరి సొంతమైనప్పుడు మిగిలినవారు పోగొట్టుకున్న దానికి ఇది పరిహారం, దానం కాదు. నేను దానికి ఒక మాట కలుపుతాను. ఈనాటి యువకుడు సంపాదించే వంద అతని ఒక్కడి చేతి కష్టం కాదు. అతను నడిచే రోడ్డు, చదివిన బడి, తాగే కుళాయి నీరు, ఇవి వేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటారు. వాళ్ళలో కొందరికి ఆ రోజుల్లో అందిన కూలి ఆ పనికి తగినది కాదు.

అందుకే నా పట్టు ఒకచోటే ఉంది. పెద్ద పింఛన్లను ఎంత పెంచాలన్న వాదన తర్వాత. ముందు చందా కట్టారా లేదా అని అడగకుండా ప్రతి వృద్ధునికీ, ప్రతి వృద్ధురాలికీ ఒక కనీస మొత్తం అందాలి. ఖర్చెంత? జనాభాలో పదోవంతు వృద్ధులు, ఒక్కొక్కరికీ తలసరి ఆదాయంలో పదిహేను శాతం ఇస్తే మొత్తం జాతీయాదాయంలో ఒకటిన్నర శాతం. దీన్ని మోయలేమనే దేశం తన బడ్జెట్‌లో మిగిలిన పద్దులు ఒకసారి తెరిచి చూసుకోవాలి.

"పేదలకే ఇస్తే సరిపోతుంది కదా, ధనికులకెందుకు?" అని అడుగుతారు. ధనికుల దగ్గర పన్ను రూపంలో తిరిగి తీసుకోవడం తేలిక. పేదవాడు తాను పేదవాడినని రుజువు చేసుకోవడం కష్టం. పుట్టిన తేదీ కాగితం లేనిది ఎవరికి? కార్యాలయానికి నాలుగుసార్లు రాలేనిది ఎవరు? బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి వచ్చిన ఒక వృద్ధురాలి వేలిముద్ర యంత్రానికి అందకపోవడం నేను కళ్ళారా చూశాను. పని చేసి చేసి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. ఆ రోజు ఆమెను మళ్ళీ రమ్మన్నారు. అక్కడే కూర్చుని ఉన్న నేనూ అభ్యంతరం చెప్పలేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పకుండా వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

ఆ కొద్ది డబ్బు ఏం చేస్తుందో దక్షిణాఫ్రికాలో చూశారు. అక్కడ 1990లలో పింఛను అందరికీ సమానమయ్యాక, అవ్వ చేతికి పింఛను వచ్చిన ఇళ్ళలో ఆడపిల్లల ఆరోగ్యం, ఒడ్డూపొడుగూ మెరుగుపడ్డాయని ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో పరిశోధనలో తేలింది. తాత చేతికి వచ్చినప్పుడు అలాంటి మార్పు కనబడలేదు. అంటే అవ్వకిచ్చిన డబ్బు మనవరాలి ఒంట్లోకి చేరింది. ముసలివాళ్ళ కోసం పిల్లల వాటా కోస్తున్నారని వాదించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇవ్వడం మొదలుపెట్టాక చేసే మరో తప్పు ఉంది. అంకె మార్చకుండా వదిలేయడం. ధరలు పెరుగుతుంటాయి, పింఛను అలాగే ఉంటుంది, ఎవరూ చట్టం మార్చకుండానే పింఛను సగమైపోతుంది. భారతదేశంలో కేంద్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను వాటా ఎనభై లోపు వారికి నెలకు 200 రూపాయల దగ్గర దాదాపు రెండు దశాబ్దాలుగా ఆగిపోయింది. రాష్ట్రాలు తమ సొమ్ము కలిపినచోట కాస్త ఊపిరి ఆడుతోంది, కలపనిచోట లేదు. బ్రిటన్ 1980లో పింఛనును జీతాల నుంచి విడదీసి ధరలకే కట్టేసింది. ముప్పై ఏళ్ళలో పెద్దలు జీతగాళ్ళకు చాలా వెనకబడిపోయారు. తర్వాత జీతాలు, ధరలు, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే దాని ప్రకారం పెంచుతామన్నారు. అది మళ్ళీ రెండో అంచు, ఎప్పటికీ మోయడం కష్టం. ధరలకూ జీతాలకూ మధ్యలో ఒకచోట కట్టి, చట్టంలో రాసి, ఏటా దానంతట అదే పెరిగేలా చేయడం మేలు. పెంపు కోసం వృద్ధులు నాయకుల ముఖం చూడవలసిన అవసరం ఉండకూడదు.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయి ఇందాక చీటీ పంపింది. "మొదటి తరం తక్కువ కట్టి ఎక్కువ తీసుకుంది, మేం ఎక్కువ కట్టి తక్కువ తీసుకుంటాం. ఇది న్యాయమా?" అని. మంచి ప్రశ్న అమ్మా. అమెరికాలో నెలవారీ పింఛను మొదట అందుకున్న ఐడా మే ఫుల్లర్ కట్టింది దాదాపు 25 డాలర్లు, 1940 నుంచి నూరేళ్ళ వయసులో 1975లో పోయేదాకా అందుకున్నది 22,000 డాలర్లకు పైగా. కాగితం మీద చూస్తే నీ మాట నిజమే. కానీ ఆ తరం వాళ్ళు తమ తల్లిదండ్రులను ఏ పింఛనూ లేకుండా సొంత జీతంలోంచి పోషించారు. ఆ పోషణ ఏ ఖాతాలోనూ రాయలేదు. నువ్వు పింఛను కోసం కట్టే సొమ్ము లేకపోతే, ఆ ఖర్చు నీ ఇంటికే వస్తుంది. ఒక్క బిడ్డ ఉన్న ఇంటికి మొత్తం వస్తుంది, బిడ్డలు లేని ఇంట్లో ఎవరూ ఉండరు. అందరి తల్లిదండ్రులనూ అందరం కలిసి చూసుకోవడమే ఈ ఏర్పాటు. అయినా నీ తరానికి ఒక హక్కుంది: నియమాలు ఇప్పుడే, నీకు ముప్పై దాటకముందే, రాతపూర్వకంగా తెలియాలి.

ఇంకొకరు అడిగారు, పేద దేశాలు ఎక్కడ మొదలుపెట్టాలని. నేపాల్ 1995లో డెబ్బై ఐదేళ్ళు దాటినవారికి నెలకు నూరు రూపాయలతో మొదలుపెట్టింది. ఆఫ్రికాలోని చిన్న దేశం లెసోతో 2004లో డెబ్బై దాటి, వేరే ప్రభుత్వ పింఛను లేనివారందరికీ, తన సొంత బడ్జెట్ నుంచే ఇవ్వడం మొదలుపెట్టింది. డెబ్బై ఐదు చాలా ఎక్కువ వయసు, నూరు చాలా తక్కువ మొత్తం, అందులో సందేహం లేదు. కానీ అప్పుడు ఎవరు పేద, ఎవరు కాదు అని వడపోయలేదు. నేపాల్‌లో 2008లో ఆ వయసు డెబ్బైకి దిగింది, 2022లో అరవై ఎనిమిదికి దిగింది. నెల మొత్తం ఇప్పుడు వేలల్లో ఉంది.